చూపించడానికే కట్టిన ఇల్లు: ఇంగ్లండ్ కంట్రీ హౌస్‌ని తెలుసుకుని చూడటం

ఇంగ్లండ్‌లో కంట్రీ హౌస్, అంటే భూస్వాముల పల్లెటూరి భవంతి, చూసి బయటికొచ్చిన మనవాళ్ల నోట దాదాపు అవే ప్రశ్నలు వినిపిస్తాయి. పట్టపగలు కిటికీలకు తెరలెందుకు దించారు? టికెట్ కొన్నాక కూడా కొన్ని గదులు మూసి ఉన్నాయేం? ఇంటివాళ్లు ఇంకా ఒక పక్కన కాపురం ఉంటున్నారట, మరి గేటు దగ్గర డబ్బు తీసుకునేది ధర్మసంస్థ ఎలా అయింది? తోట అన్నారని వెళితే ఒక్క పూలమడి లేదు, గడ్డీ గొర్రెలూ చెరువూ తప్ప, ఇదేం తోట? వీటన్నిటికీ జవాబులున్నాయి. అవి తెలిశాక అదే ఇల్లు వేరేగా కనిపిస్తుంది.

అన్ని ఇళ్లనూ కలిపి మాట్లాడితే ఏదీ తేలదు కాబట్టి ఒక్క ఇంటిని పట్టుకుందాం. డెర్బీ ఊరికి వాయవ్యంగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న కెడిల్‌స్టన్ హాల్. మనకిది పూర్తిగా పరాయిది కాదు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1799–1803 మధ్య కలకత్తాలో కట్టించిన గవర్నమెంట్ హౌస్‌కి, అంటే ఇవాళ్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్ నివాసానికి, నమూనా ఈ ఇల్లే. వెల్లస్లీ హయాంలోనే హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంట్‌గా ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ కోఠిలో కట్టించిన రెసిడెన్సీ కూడా అదే అభిరుచిలో పుట్టింది. కోఠి ఉమెన్స్ కాలేజీ ముందు నిలబడి ఆ ఎత్తయిన మెట్లనూ, ఆరు కొరింథియన్ స్తంభాలనూ చూసినవాళ్లకి కెడిల్‌స్టన్ ఉత్తర ముఖం చూడగానే ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది. అక్కడా స్తంభాలు ఆరే.

ఎవరి ఇల్లు, ఎవరి టికెట్

18వ శతాబ్దంలో ఇలాంటి భవంతి నిలబడింది కౌళ్ల మీద. వేల ఎకరాలు రైతులకు కౌలుకిచ్చి, ఆ రాబడితో ఇల్లు, నౌకర్లు, తోటమాలులు, లండన్‌లో ఇంకో ఇల్లు, పార్లమెంటు ఎన్నికల ఖర్చు, అన్నీ నడిపేవారు. 1870ల నుంచి అమెరికా గోధుమలు చౌకగా దిగుమతి కావడంతో కౌళ్లు పడిపోయాయి. 1894లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. యజమాని చనిపోతే వారసుడు ఆస్తి విలువ మీద కట్టాల్సిన పన్ను ఇది. మొదట్లో గరిష్ఠంగా 8 శాతం ఉన్నది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అతిపెద్ద ఎస్టేట్ల మీద 80 శాతానికి చేరింది. తండ్రీ కొడుకులు కొద్ది ఏళ్ల తేడాతో పోయిన ఇళ్లలో దెబ్బ మీద దెబ్బ పడింది. 20వ శతాబ్దంలో వందల భవంతులను పడగొట్టి రాయీ సీసమూ అమ్ముకున్నారు.

ఆ సమయంలోనే నేషనల్ ట్రస్ట్ ముందుకొచ్చింది. 1895లో పుట్టిన ఈ సంస్థ అసలు పని కొండలనూ పొలాలనూ కాపాడటం. 1934లో లార్డ్ లోథియన్ ఇళ్లను కూడా తీసుకోమని వాదించాడు, 1937లో చట్టం దారి ఇచ్చింది, 1940లో ఆయన చనిపోయాక ఆయన సొంత బ్లిక్లింగ్ హాల్ ట్రస్ట్‌కి వచ్చింది. ఏర్పాటు ఇది: ఇల్లూ, దాన్ని నడపడానికి తగినంత భూమో డబ్బో ట్రస్ట్‌కి రాసిస్తే పన్ను ఉండదు, కుటుంబం ఒక భాగంలో ఉండిపోవచ్చు, బదులుగా జనాన్ని లోపలికి రానివ్వాలి. కెడిల్‌స్టన్ 1987లో ట్రస్ట్ చేతికి వచ్చింది. యజమానులైన కర్జన్ కుటుంబం ఒక పక్క భవనంలో ఉండిపోయింది. "ప్రైవేట్" అని రాసున్న తలుపులకు కారణం ఇదే.

ఇప్పుడు టికెట్ సంగతి. ఈ ఇళ్లను నడిపేవాళ్లు ప్రధానంగా మూడు రకాలు, కార్డులు మూడూ వేరు. నేషనల్ ట్రస్ట్ ఒకటి. స్టోన్‌హెంజ్‌ని నడిపే ఇంగ్లిష్ హెరిటేజ్ రెండోది, దాని చేతిలో శిథిల కోటలు ఎక్కువ, ఆడ్లీ ఎండ్, ఆస్బర్న్ లాంటి ఇళ్లు కొన్ని. మూడోది యజమానుల చేతుల్లోనో, కుటుంబ ట్రస్టుల చేతుల్లోనో ఉన్న ఇళ్లు. చాట్స్‌వర్త్, బ్లెనమ్, కాసిల్ హవర్డ్ ఈ కోవవి. ఒకదాని కార్డు ఇంకోదాని గేటు దగ్గర చెల్లదు. నేషనల్ ట్రస్ట్ కార్డు పట్టుకుని కుటుంబమంతా చాట్స్‌వర్త్ దాకా వెళ్లి, అక్కడ అందరికీ టికెట్లు కొనాల్సి రావడం తరచూ జరిగే పొరపాటు. ప్రైవేట్ ఇళ్లు ఎక్కువగా చూడదలచుకుంటే హిస్టారిక్ హౌసెస్ అనే యజమానుల సంఘం సభ్యత్వం వేరే ఉంది.

ట్రస్ట్ సభ్యత్వం లాభమా కాదా అన్నది కుటుంబం లెక్క మీద ఉంటుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఏడాదిలో ఐదారు చోట్లకు వెళ్లేట్టయితే సభ్యత్వం చాలావరకు గిట్టుబాటు అవుతుంది, పైగా ట్రస్ట్ కార్ పార్కులు ఎక్కువచోట్ల సభ్యులకు ఉచితం. ఏడాదికి ఒకటో రెండో అయితే విడి టికెట్లే నయం.

టికెట్ కొనేచోట గిఫ్ట్ ఎయిడ్ అని ఒక ప్రశ్న అడుగుతారు. దీన్ని అర్థం చేసుకునే జవాబు చెప్పాలి. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను కట్టేవారు ఊ అంటే, ఇచ్చిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు సంస్థకు అదనంగా వస్తాయి. టికెట్ల విషయంలో ఇందుకోసం ధరకు కనీసం 10 శాతం విరాళం కలిపి వసూలు చేస్తారు, రెండు ధరలు కనిపించేది అందుకే. అక్కడ పన్ను కట్టని విద్యార్థులూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ తమ డబ్బుతో కొంటే మామూలు ధరే ఎంచుకోవాలి. పన్ను కట్టకుండా ఒప్పుకుంటే ఆ తేడా సొమ్ముకి సంతకం పెట్టినవారే బాధ్యులు.

ఉచితంగా చూడాలంటే సెప్టెంబరులో వచ్చే హెరిటేజ్ ఓపెన్ డేస్ ఉన్నాయి. మామూలు రోజుల్లో తెరవని ఇళ్లు కూడా కొన్ని అప్పుడు తెరుస్తారు. తోటల మీద ఇష్టం ఉన్నవారికి నేషనల్ గార్డెన్ స్కీమ్ ఇంకా మేలు. 1927లో మొదలైన ఈ పథకం కింద సొంతదారులు తమ తోటను ఏడాదిలో ఒకటి రెండు రోజులు తెరిచి, వచ్చిన డబ్బు నర్సింగ్ సంస్థలకు ఇస్తారు. ఆ మొక్కలు పెంచినవాళ్లే ఎదురుగా నిలబడి ఉంటారు, ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు.

ఇంటి పొందిక

సర్ నథానియల్ కర్జన్ 1758లో ఆస్తికి వారసుడై, మరుసటి ఏడాదే పాత ఇంటిని కూల్చి కొత్తది మొదలుపెట్టాడు. బ్రెట్టింగ్‌హామ్, పెయిన్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు మొదలెట్టిన పనిని 1760 నుంచి రాబర్ట్ ఆడమ్ చేతుల్లోకి తీసుకున్నాడు. మధ్యలో పెద్ద భవనం, నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన నడవలు, ఇదీ ప్లాను. రెండు మూలలే పూర్తయ్యాయి. కలకత్తాలో మాత్రం నాలుగూ కట్టారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, మధ్య భవనంలో ఎవరూ కాపురం ఉండలేదు. కుటుంబం తూర్పు పక్క భవనంలో ఉండేది, వంటిల్లు పడమటి పక్క భవనంలో. మధ్యదంతా అతిథుల కోసం, చూపు కోసం. ఇంటిని చూడటానికి వచ్చేవాళ్లు కూడా మొదటి నుంచీ ఉన్నారు. 1769లోనే గదుల్లోని చిత్రాలకూ శిల్పాలకూ అచ్చు జాబితా ఉంది, వచ్చేవారి కోసం దగ్గర్లో సత్రం ఉంది, మిసెస్ గార్నెట్ అనే హౌస్‌కీపర్ గది గదికీ తిప్పి వివరించేది. 1777లో నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ వచ్చినప్పుడు చూపించింది ఆమే. ఆమె చిత్తరువు ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. నౌకరీ చేసిన స్త్రీ బొమ్మ యజమానుల బొమ్మలున్న ఇంట్లో ఉండటం అరుదు, తప్పక వెతికి చూడండి.

కాబట్టి గదులు వరసగా ఏం చెబుతున్నాయో ఆ వరసలోనే చదవాలి. ముందు మార్బుల్ హాల్. పేరు మార్బుల్ హాల్ గానీ దాని 20 స్తంభాలూ నాటింగ్‌హామ్‌షైర్‌లో దొరికే అలబాస్టర్ రాయివి, ఒక్కోటి సుమారు 25 అడుగులు. గోడలకు కిటికీలు లేవు, వెలుతురు పైకప్పు నుంచే దిగుతుంది. రోమన్ ఇళ్లలోని నడిమింటి చావడిని తలపించాలని అలా కట్టారు. స్తంభం మీద ఎర్రటి, పాలరంగు జీరలు పక్క వెలుతురులో కంటే పై వెలుతురులో బాగా తేలతాయి, ఒక స్తంభం దగ్గర నిలబడి కింద నుంచి పైకి చూస్తే తెలుస్తుంది. దాని వెనక సలూన్ అనే గుండ్రటి గది, 62 అడుగుల ఎత్తున గుమ్మటం. ఈ రెండిటికీ ఒక పక్క సంగీతం గది, డ్రాయింగ్ రూమ్, లైబ్రరీ. అంటే సంగీతం, చిత్రకళ, సాహిత్యం. రెండో పక్క భోజనశాల, పడకగది. అంటే ఆతిథ్యం. ఈ ఒక్క విభజన గుర్తుంటే గదులు కలగాపులగం కావు.

భోజనశాల గోడలకు పట్టుబట్ట ఉండదు, గచ్చుపని ఉంటుంది. బట్టకు తిండి వాసన పట్టేస్తుందని ఆడమ్ దాన్ని భోజనశాలల్లో వాడేవాడు కాదు. డ్రాయింగ్ రూమ్‌లో మాత్రం నీలం పట్టు నిండుగా ఉంటుంది. అక్కడి సోఫాలకు కాళ్ల దగ్గర బంగారు పూత వేసిన జలకన్యలు, జలపురుషులు ఉంటారు, జాన్ లిన్నెల్ కార్ఖానా పని అది. స్టేట్ బెడ్‌రూమ్‌లో పందిరిమంచం స్తంభాలు తాటిచెట్ల ఆకారంలో ఉంటాయి. అంత మంచం మీద రోజూ పడుకున్నవారెవరూ లేరు. రాజవంశీకులెవరైనా రావచ్చని సిద్ధంగా ఉంచిన మర్యాద అది.

కిటికీల గురించి ఒక మాట. ఇటుకలతో మూసిన కిటికీ కనిపిస్తే చాలు, కిటికీ పన్ను తప్పించుకోవడానికి అని చెప్పేస్తుంటారు. 1696 నుంచి 1851 దాకా అలాంటి పన్ను ఉన్నమాట నిజమే. అయితే ఇంతటి ఇళ్లలో చాలా మూత కిటికీలు మొదటి రోజు నుంచీ మూతవే. లోపల మెట్లో, పొగగొట్టమో ఉంటుంది, బయటికి మాత్రం వరస తప్పకూడదు, అందుకని ఉత్తుత్తి కిటికీ పెట్టారు. అద్దం పట్టాల్సిన చోట ఇటుక చుట్టుపక్కల రాతితో సమానంగా ఒకే వయసులో కనిపిస్తే అది సౌష్ఠవం కోసమే అనుకోవచ్చు.

చీకటి, చలి, కుర్చీ మీద ముళ్లకాయ

పట్టు, నూలు, నీటిరంగుల చిత్రాలు, వీటిపై వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకని సున్నితమైన వస్తువులున్న గదిలో వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూస్తారు, ఏడాది మొత్తానికి 1,50,000 లక్స్-గంటలు అని ఒక బడ్జెట్ పెట్టుకుంటారు. భాగిస్తే 3,000 గంటలు వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీ పక్కన వేల లక్స్ పడుతుంది కాబట్టి తెర ఎత్తి వదిలేస్తే ఈ ఏడాది బడ్జెట్ కొద్ది వారాల్లోనే ఖర్చయిపోతుంది. ఇంటి లోపలి భాగం ఆలస్యంగా తెరిచి పెందరాళే మూయడానికి ఇదొక పెద్ద కారణం. తోట ఉదయం 10కే తెరిచినా ఇల్లు 11 తర్వాతో మధ్యాహ్నమో తెరవవచ్చు. తెర దించిన గదిలోకి అడుగుపెట్టగానే ఏమీ కనబడదు. రెండు మూడు నిమిషాలు కదలకుండా ఆగితే కళ్లు అలవాటుపడతాయి. తొందరపడి దాటిపోయేవాళ్లు పోగొట్టుకునేది ఈ గదులనే.

చలి సంగతీ అంతే. పాత కర్ర, దంతం, బంగారు పూత, ఇవన్నీ గాలిలో తేమను బట్టి ఉబ్బుతాయి, కుంచించుకుంటాయి. తేమ 50–65 శాతం మధ్య ఉంటే నిలకడగా ఉంటాయి. ఇంగ్లండ్ శీతాకాలంలో గాలిని మనకు హాయిగా అనిపించేంత వేడి చేస్తే తేమ శాతం పడిపోతుంది, బీరువా పైన అతికించిన పలుచటి కర్ర రేకులు లేచిపోతాయి. అందుకని హీటర్లను థర్మామీటరు నడపదు, తేమను కొలిచే పరికరం నడుపుతుంది. బయటకంటే కొన్ని డిగ్రీలు మాత్రమే వెచ్చగా ఉంటుంది. ఇండియా నుంచి డిసెంబరులో వచ్చిన పెద్దవాళ్లకు లోపలికి వెళ్లాక కోటు విప్పమని చెప్పకండి.

అసలు శీతాకాలంలో చాలా ఇళ్లు లోపల మూసేస్తారు, పార్కు మాత్రం తెరిచి ఉంటుంది. ఆ నెలల్లో దుప్పట్లు కప్పి, షాండెలీర్లు దించి, ఒక్కో చెక్కడంలోని దుమ్మును మెత్తటి గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో వాక్యూమ్ గొట్టం నోటిలోకి తోస్తారు. దుమ్ములో పెద్ద వాటా సందర్శకుల బట్టల నుంచి రాలే నూలుపోగులే. నడిచే దారిని తాడు కట్టి ఫర్నిచర్‌కి దూరంగా ఉంచేది ముట్టుకుంటారని మాత్రమే కాదు, ఆ దుమ్ము దూరం పెరిగేకొద్దీ తగ్గుతుందని కూడా.

కుర్చీ మీద ఎండిన ముళ్లకాయ గానీ దేవదారు కాయ గానీ కనిపిస్తే అది అలంకారం కాదు. కూర్చోవద్దని మర్యాదగా చెప్పడం. సన్నటి హీల్స్ వద్దనడానికి లెక్క ఉంది: 60 కిలోల మనిషి బరువు ఒక అడుగు వేసే క్షణంలో ఒక చదరపు సెంటీమీటరు మడమ మీద పడితే పాత చెక్క నేలకు గుంట పడుతుంది. వీపు మీది బ్యాగు ముందుకు తగిలించుకోమనేది మనం వెనక్కి తిరిగినప్పుడు అది దేనికి తగులుతుందో మనకు కనిపించదు కాబట్టి. ఫొటోలు చాలాచోట్ల తీసుకోవచ్చు, ఫ్లాష్, సెల్ఫీ స్టిక్ కుదరవు. బంగారు పూతను చంటిపిల్లలు ముట్టుకోకుండా చూడాలి. జిగురుతో అతికించిన ఆ రేకు కాగితం కంటే చాలా పలుచన, తడి వేలు తగిలితే ఊడొస్తుంది.

మూసిన గదుల సంగతి: గదికొక వాలంటీరు ఉంటేనే గది తెరుస్తారు, వాళ్లు తక్కువైన రోజు పై అంతస్తు మూతపడుతుంది. కాబట్టి ఫలానా గది కోసమే వెళుతుంటే ఆ రోజు పొద్దున వెబ్‌సైట్ చూసి బయల్దేరాలి. గదిలో కూర్చున్న ఆ వాలంటీర్లు ఎక్కువమంది రిటైరైనవాళ్లు, ఏళ్ల తరబడి అదే గదిని చూస్తున్నవాళ్లు. అడిగితేనే చెబుతారు. "ఈ గదిలో మీకు బాగా నచ్చిన వస్తువేది?" అన్న ఒక్క ప్రశ్న చాలు, బోర్డులో లేని సంగతులు బయటికొస్తాయి.

గడ్డీ గొర్రెలూ చెరువూ

ఇంగ్లిష్ తోటలన్నీ ఒకటి కావు. 17వ శతాబ్దం దాకా గీత గీసినట్టు కత్తిరించిన పొదలు, సూటి బాటలు, ఫౌంటెన్లు ఉండేవి. 1690ల నాటి లెవెన్స్ హాల్‌లో ఆ రకం ఇంకా బతికుంది. 18వ శతాబ్దంలో దాన్ని తుడిచేసి ల్యాండ్‌స్కేప్ తోట వచ్చింది. స్టో, స్టౌర్‌హెడ్, కెడిల్‌స్టన్ ఇవే. 20వ శతాబ్దంలో హిడ్‌కోట్, సిసింగ్‌హర్స్ట్ లాంటి చోట్ల ఎత్తైన కంచె మొక్కలతో గదులు గదులుగా విభజించి, గదికొక రంగు, గదికొక కాలం అన్నట్టు పూలు నింపారు. అమ్మకు పూలంటే ఇష్టమైతే జూన్‌లో హిడ్‌కోట్‌కో సిసింగ్‌హర్స్ట్‌కో తీసుకెళ్లండి. కెడిల్‌స్టన్‌కి పూల కోసం వెళితే నిరాశే.

కెడిల్‌స్టన్‌లో చూడాల్సింది దృశ్యాన్ని ఎలా కట్టారన్నది. అక్కడ సహజంగా ఉన్నట్టు కనిపించేదేదీ సహజం కాదు. ఇంటి ముందు ఊరుంటే ఊరిని కదిపారు, పాత చర్చి ఒక్కటే ఇంటి పక్కన మిగిలింది. బండ్ల రహదారిని దూరంగా జరిపారు. కట్లర్ బ్రూక్ అనే చిన్న వాగుకు అడ్డుకట్టలు కట్టి చెరువుల వరస చేశారు, దాని మీద ఆడమ్ మూడు కమానుల వంతెన పెట్టాడు. వచ్చే దారి ఇంటికి ఎదురుగా సూటిగా రాదు. వంతెన దాటాక ఇల్లు కొద్దిగా ఏటవాలుగా కనిపించి, మలుపు తిరిగేకొద్దీ ముఖం చూపిస్తుంది. కారులో వెళ్లినవారు ఈ మొదటి చూపును గమనించకుండానే దాటేస్తారు. పార్క్ చేశాక వంతెన దాకా వెనక్కి నడిచి, మళ్లీ రండి.

ఇంటి దగ్గర గడ్డిమైదానం, దూరాన గొర్రెలు మేసే బీడు, మధ్యలో కంచె కనబడదు. అయినా గొర్రెలు ఇటు రావు. అక్కడ ఉన్నది హాహా అనే కందకం. ఇంటివైపు నిలువుగా రాతిగోడ, ఎత్తు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు, పైఅంచు గడ్డితో సమానంగా. పొలంవైపు మాత్రం నేల మెల్లగా ఏటవాలుగా దిగుతుంది. గొర్రె ఏటవాలు దిగి గోడ దగ్గర ఆగిపోతుంది. మన కంటికి గడ్డి అలా కొండ దాకా సాగిపోయినట్టు అనిపిస్తుంది. చక్కటి ఉపాయం, కానీ ఇంటివైపు నుంచి పరిగెత్తే పిల్లలకు అంచు కనబడదు. పిల్లలుంటే ముందే చూపించి హెచ్చరించాలి.

చెరువు నీరు ఇంకిపోకుండా ఆ రోజుల్లో తడి బంకమట్టిని పొరలు పొరలుగా పరిచి తొక్కించేవారు. తేమగా ఉన్నంతకాలం ఆ పొర నీటిని ఆపుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. కట్ట మీద చెట్లు మొలిస్తే వేళ్లు దాన్ని చీలుస్తాయి. అందుకే ఇలాంటి కట్టల మీద మొక్కలు పీకడం, అడుగున చేరిన ఒండ్రు తీయడం ఎప్పటికీ తెగని పని. తోటలో పెద్ద యంత్రాలు తిరుగుతూ సగం చెరువుకు కంచె వేసి కనిపిస్తే చిరాకు పడకండి.

చెరువు ఒడ్డున 1770ల మొదట్లో కట్టిన ఫిషింగ్ పెవిలియన్ ఉంది. పై గది కిటికీలోంచి గాలం నీటిలోకి వేయవచ్చు, ఎండ తగలకుండా చేపలు పట్టడానికి. కింద చన్నీటి స్నానపు తొట్టి, రెండు పక్కలా పడవలు దాచే గదులు. ఆ చిన్న కట్టడం దగ్గర ఆగితే ఈ మొత్తం ఏర్పాటు ఎవరి తీరిక కోసమో తెలిసిపోతుంది.

అదే డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ తోట ఇంకో పాఠం. అక్కడి ఎంపరర్ ఫౌంటెన్‌ను 1844లో జోసెఫ్ పాక్స్‌టన్ కట్టాడు, రష్యా జార్ నికొలస్ వస్తాడని. ఇంటి వెనక కొండ మీద సుమారు 8 ఎకరాల చెరువు తవ్వి, అక్కడి నుంచి గొట్టంలో దింపిన నీరు తన బరువుతోనే ఎగజిమ్ముతుంది. పంపు లేదు. 296 అడుగుల దాకా లేచినట్టు లెక్క ఉంది. జార్ రాలేదు.

రోజు ఎలా గడపాలి

లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి డెర్బీకి రైలు గంటన్నర. అక్కడి నుంచి టాక్సీ. తిరుగు టాక్సీని వెళ్లేటప్పుడే మాట్లాడుకోవాలి, పల్లెదారిలో అప్పటికప్పుడు బండి దొరకదు. చేరగానే ముందు ఇల్లు చూడండి, తర్వాత పార్కు. ఇల్లు పెందరాళే మూస్తారు, చివరి ప్రవేశం మూతకు సుమారు గంట ముందు. తోట సాయంత్రం దాకా ఉంటుంది. చాలామంది తోటలో తిరిగి, తిని, మూడున్నరకి ఇంటి తలుపు దగ్గరకొచ్చి మొహం వేలాడేస్తారు.

ఇంటికి రెండు గంటలు, చర్చికి పదిహేను నిమిషాలు. పార్కు చుట్టు బాట సుమారు మూడు మైళ్లు, నింపాదిగా నడిస్తే గంటన్నర. వానపడ్డ వారంలో మామూలు చెప్పులు పనికిరావు, బీడులో బురద చీలమండ దాకా వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో వెళితే ముందే ఫోన్ చేసి చక్రాల కుర్చీ, మెట్లు లేని దారి సంగతి కనుక్కోవాలి. ఇలాంటి ఇళ్లలో ముఖ్య అంతస్తు నేల నుంచి బాగా ఎత్తున ఉంటుంది, అన్నిచోట్లా లిఫ్టు ఉండదు. పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే పార్కులో దుప్పటి పరుచుకుని తినవచ్చు, ఎవరూ కాదనరు, ఇంటి లోపలికి మాత్రం నీళ్ల సీసా తప్ప ఏదీ వద్దు. పశువులున్న గేటు తెరిస్తే వెనక మూయాలి. పొడుగు గడ్డిలో నడిచాక పిల్లల కాళ్లమీద గోమార్లు ఉన్నాయేమో చూడాలి.

ఏ నెల అంటే: ఫిబ్రవరిలో స్నోడ్రాప్స్, మార్చి–ఏప్రిల్ డాఫోడిల్స్, ఏప్రిల్ చివర అడవి కింద నీలంగా పరుచుకునే బ్లూబెల్స్, మేలో రోడోడెండ్రాన్లు, జూన్ గులాబీలు, అక్టోబరులో ఆకుల రంగు. పొద్దు ఎక్కువ, రద్దీ తక్కువ కావాలంటే జూన్‌లో పనిదినం.

డబ్బు ఎక్కడిది

కంట్రీ హౌస్‌లన్నీ ఇండియా సొమ్ముతోనే లేచాయనడం తప్పు. ఏ సంబంధమూ లేదనడం అంతకంటే తప్పు. 2020లో నేషనల్ ట్రస్ట్ తన నివేదికలో వలసపాలనతోనూ బానిస వ్యాపారంతోనూ సంబంధమున్న 93 స్థలాలను గుర్తించింది. ఇంటింటికీ కథ వేరు. కెడిల్‌స్టన్‌ని కట్టింది ప్రధానంగా డెర్బీషైర్ భూముల రాబడి. ఇండియా అక్కడికి చేరింది 140 ఏళ్ల తర్వాత, ఆ ఇంటి బిడ్డ లార్డ్ కర్జన్ 1899–1905లో వైస్రాయ్‌గా ఉండి వెనక్కి తెచ్చుకున్న వస్తువులతో. అవన్నీ ఈస్టర్న్ మ్యూజియం పేరిట ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బారులో లేడీ కర్జన్ వేసుకున్న నెమలికన్నుల గౌను కూడా ఆ ఇంటిదే. ఢిల్లీ పనివాళ్లు జరీతో కుట్టిన బట్టను పారిస్ పంపి గౌనుగా మలిచారు. ప్రతి కన్నులోనూ మెరిసే ఆకుపచ్చ రాయి కాదు, పురుగు రెక్క.

మన నేలతో నేరుగా ముడిపడిన ఇళ్లు వేరే ఉన్నాయి. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ 1702 ప్రాంతంలో 410 క్యారట్ల ముడి వజ్రాన్ని 48,000 పగోడాలకు (అప్పటి బంగారు నాణేలు) కొన్నాడు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిది. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. కోసి సానపెట్టిన వజ్రాన్ని 1717లో ఫ్రాన్స్ రీజెంటుకు, అంటే బాలరాజు తరఫున పాలిస్తున్నవాడికి, 1,35,000 పౌండ్లకు అమ్మాడు. అదే ఏడాది కార్న్‌వాల్‌లో బొకొనాక్ ఎస్టేటు 54,000 పౌండ్లకు కొన్నాడు. ఆయన మనవడూ, మునిమనవడూ ఇద్దరూ బ్రిటన్ ప్రధానులయ్యారు. బొకొనాక్ ఇప్పటికీ ఉంది, వజ్రం లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్‌ది ఇంకొంచెం చిక్కు కథ. కట్టించిన థామస్ రంబోల్డ్ అంతకుముందే బెంగాల్‌లో గడించినవాడు, ఇల్లు మొదలయ్యాక 1778లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు. ఉత్తర సర్కారుల జమీందారులను మద్రాసుకు పిలిపించి సొమ్ము గుంజాడని పార్లమెంటులో ఆయనపై శిక్షా బిల్లు పెట్టారు, తర్వాత వదిలేశారు. ఆ ఇల్లు ఇప్పుడు బడి.

గదుల్లో మాత్రం రెండు వస్తువుల కోసం కళ్లు తెరిచి ఉండండి. ఒకటి విశాఖపట్నం దంతపు పని. పెట్టె, డెస్కు, అద్దం చట్రం, ఆకారమంతా ఇంగ్లిష్‌ది, చేయి మన కంసాలులది. మొదట్లో నల్లటి కర్రలో దంతం ముక్కలు పొదిగేవారు. 18వ శతాబ్దం నడిమికి కర్ర కనబడకుండా పలుచటి దంతపు రేకులు అతికించి, వాటి మీద తీగలూ పూలూ సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపడం మొదలెట్టారు. దూరం నుంచి కలంతో గీసినట్టుంటుంది, దగ్గరికెళితే గీతలో లక్క కొద్దిగా లోతుగా కూర్చుని కనిపిస్తుంది. రెండోది మచిలీపట్నం, కోరమాండల్ తీరం చింట్జ్, అంటే కలంకారీ బట్ట, మంచం తెరలుగా. ఎరుపు చిరివేరుది, నీలం నీలిమందుది. ఎర్రటి రేక మధ్యలో వెంట్రుక మందాన తెల్లగీత కనిపిస్తే, అక్కడ మైనంతో గీసి రంగు అంటకుండా ఆపారన్నమాట. ఈ బట్ట ఎంత పోటీ ఇచ్చిందంటే 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టం చేసి ఇంగ్లండ్‌లో దాని వాడకాన్ని అడ్డుకున్నారు. 1774లో సడలింపు వచ్చినా అది బ్రిటన్‌లో తయారైన నూలు బట్టకే. ఆ నిషేధకాలపు తెర ఏ ఇంట్లోనైనా కనిపిస్తే అది చట్టం కళ్లుగప్పి వచ్చి ఉండవచ్చు.

ఇవి ఏ ఇంట్లో ఉన్నాయో తెలుసుకోవడానికి నేషనల్ ట్రస్ట్ కలెక్షన్స్ వెబ్‌సైట్ ఉంది, ఉచితం. ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే చాలా వస్తువులు దొరకవు. కంపెనీ కాలపు పలుకుబడిలో, "విజగపటామ్" (Vizagapatam), "మసూలిపటామ్" (Masulipatam) అన్నట్టుగా రాసి చూడాలి. ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఉంటుంది, ఏ ఇంట్లో ఉందో రాసుంటుంది. ఆ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లి గదిలోని వాలంటీరుకు చూపించండి. వస్తువు స్టోరులో ఉంటే ఇంటికి ముందుగా ఈమెయిల్ చేసి చూడవచ్చా అని అడగాలి, తేదీ కుదరడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.